ఇరవైమూడు చీటీలు

చిత్తూరు,
1945 జూలై 5, గురువారం.

నాయనకు, అమ్మకు ఆనందమ్మ వందనాలు.

నేను బాగున్నాను. బియ్యం మూట నిన్న సాయంత్రం చేరింది. కండక్టరు బాలసుబ్రమణ్యం దాన్ని హాస్టలు గేటు దాకా మోసుకొచ్చాడు. "మీ యమ్మ నా చేత ఒట్టు పెట్టించుకొని ఇచ్చిందమ్మా, ఒక గింజ తగ్గినా నా కండ్లు పోతాయంట, నువ్వే కొలిచి చూసుకో" అని నవ్వి పోయాడు. అమ్మతో చెప్పు, ఆయన కండ్లు భద్రంగానే ఉన్నాయి.

ఇది మూడో మూట. రేషను మళ్లీ తగ్గించారు. ఎవరి బియ్యం వాళ్లు తెచ్చుకోవాలనీ, తెచ్చుకోలేని పిల్లలు ఇళ్లకు పోయి యుద్ధం అయ్యాక రావచ్చనీ వార్డెనమ్మ చెప్పింది. ఇద్దరు ఏడ్చుకుంటూ పోయారు కూడా. ఒకామెకు టీచరు ట్రైనింగులో ఇంకా మూడు నెలలే మిగిలింది. చంద్రగిరి మామ పుణ్యాన నేను ఇంకా ఇక్కడ ఉన్నాను. ఇది ఆయన ఇచ్చిన బియ్యమేనని అమ్మ ఎప్పటిలాగే చెప్పి పంపింది. నాయనా, మామ ఇంకా గంగమ్మకు పొంగలి పెడుతున్నాడని నువ్వు ఆయన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టవు. నీ కూతురు మాత్రం ఆయన అన్నం తిని బైబిలు పాఠాలు వల్లె వేస్తోంది. ఈ సంగతి మీద ఒక ఆదివారం ప్రసంగం చెయ్యరాదా?

రోజూ బడికి పోయే దారిలో కోర్టు కనిపిస్తుంది. ఒక ముసలాయన కోడి దొంగతనం కేసులో తొమ్మిదోసారి వాయిదాకు వచ్చాడట. కోడి పిల్లల పిల్లలు కూడా కూరైపోయి ఉంటాయని మేము నవ్వుకున్నాము.

వడమాలపేట దిక్కున వాంతిభేదులని బస్సులో అనుకుంటున్నారట. నిజమేనా? దాచకుండా రాయి. చెంగయ్య మామ కూతురు నిర్మలకు నేను నేర్పిన అక్షరాలు గుర్తున్నాయా? ఈసారి వచ్చినప్పుడు పలక తెస్తానని చెప్పు.

నీ బిడ్డ,
ఆనందమ్మ.


బేతనీపాళెం,
జూలై 17, మంగళవారం.

చిరంజీవి ఆనందమ్మకు నాయన సుందరరాజు దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ అమ్మకు వినిపించాను. కండక్టరు కండ్ల దగ్గర నవ్వింది. మామ సంగతి వచ్చేసరికి లేచి పొయ్యి దగ్గరికి పోయింది. తన అన్నను వేళాకోళం చేస్తే ఆమెకు ఎప్పుడూ గిట్టదు.

నువ్వు విన్నది నిజమే. మన ఇరవైనాలుగు ఇళ్లలో నాలుగు చావులు. సంఘ పెద్ద కుప్పయ్య తమ్ముడు పోయాడు, ఆ తమ్ముడి భార్య పోయింది, ఇద్దరు చంటిబిడ్డలు పోయారు. మోసేవాళ్లు దొరకక చివరి ఇద్దరినీ నేనే చేతుల మీద తీసుకుపోయి, నేనే గుంత తవ్వి, నేనే ప్రార్థన చేశాను. ఈ సంఘానికి ఉపదేశిగా ఉన్న పంతొమ్మిదేళ్లలో ఇలాంటి వారం చూడలేదు. వాన లేదు. ఆకాశం కడిగిన పళ్లెంలాగ ఉంది.

ఇంకొకటి జరిగింది. దేవుని బాన సంగతి నీకు తెలుసు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ మన ఆడవాళ్లు ఒక పిడికెడు బియ్యం వేరే తీసి, ఆదివారం తెచ్చి గుడిలో ఆ బానలో పోస్తారు. తాము పస్తున్నా ఆ పిడికెడు మానరు. విధవలకు, రోగులకు తప్ప అది ఎవరిదీ కాదు, దేవునిది. పోయిన శనివారం రోగుల గంజి కోసం మూత తీస్తే మూడొంతులు ఖాళీ. గుడి తాళంచెవి మన వసారా మేకుకు అందరికీ కనపడేలాగానే వేలాడుతుంది. పంతొమ్మిదేళ్లుగా ఎవరూ ఆ బాన మీద చెయ్యి వెయ్యలేదు.

ఆనందమ్మా, నాకు బైబిల్లోని ఆకాను గుర్తొచ్చాడు. ఆకాను కథ నీకు నేనే చెప్పాను. దేవునికి ప్రతిష్ఠించిన సొమ్ము ఒక్కడు దొంగిలించి గుడారం కింద పాతిపెట్టుకుంటే జనమంతా యుద్ధంలో ఓడిపోయింది. ఆ ఒక్కణ్ణీ బయటికి తీసేదాకా దేవుడు వాళ్ల మధ్య నిలవలేదు. మన పాళెంలో ఆకాను ఉన్నాడు. వాడు బయటపడేదాకా ఈ చావులు ఆగవు. నీ కోర్టులో కోడి దొంగకు తొమ్మిది వాయిదాలు. దేవుని కోర్టులో వాయిదా ఉండదు.

సంఘమంతా మూడు దినాలు ఉపవాసం ఉంటున్నాము. ఆదివారం ఇళ్ల పేర్లతో చీట్లు వేస్తాము, దొంగను దేవుడే చూపిస్తాడు.

నాయన.


చిత్తూరు,
జూలై 20, శుక్రవారం.

నాయనకు ఆనందమ్మ వందనాలు.

నీ ఉత్తరం ఈ పొద్దు మధ్యాహ్నం వచ్చింది. పరుగున పోయి ఇది రాస్తున్నాను. ఆదివారం లోపల చేరదేమోనని భయంగా ఉంది.

నాయనా, చీట్లు వేయవద్దు. నీకు ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి, తప్పయితే క్షమించు. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ శిక్షించకూడదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి అని మోషే ధర్మశాస్త్రంలో ఉందని నువ్వే నాకు నేర్పావు. చీటీ ఎంతమంది సాక్షుల కింద లెక్క? అదీగాక ఆకానును ఒక్కడినే చంపలేదు. అతని కొడుకులనూ కూతుళ్లనూ కూడా రాళ్లతో కొట్టారు. ఆదివారం బడిలో ఆ ముక్క వచ్చినప్పుడల్లా నువ్వు దగ్గి పేజీ తిప్పేవాడివి. నాకు బాగా గుర్తుంది.

ఇక్కడ ఆస్పత్రి నర్సమ్మను అడిగాను. వాంతిభేది నీళ్లలో వస్తుందట. అందరూ నీళ్లు బాగా కాచి తెర్లించి తాగాలి. బావిలో ఎర్రమందు వేయమని శానిటరీ ఇన్‌స్పెక్టరుకు అర్జీ పెట్టు. వాన లేక ఎండిన వంక గుంటల్లో మిగిలిన నీళ్లు ఎవరినీ ముట్టనివ్వకు, అక్కడ బట్టలు ఉతికారంటే అది విషమేనని చెప్పింది.

ఒకవేళ ఈ ఉత్తరం ఆలస్యమైతే ఒక్క సంగతి రాయి. ఎన్ని చీటీలు వేశారు? ఎవరు రాశారు, ఎవరు తీశారు? నీ మీద అనుమానంతో అడగడం లేదు, మనసు ఊరుకోక అడుగుతున్నాను.

ఆనందమ్మ.


బేతనీపాళెం,
జూలై 25, బుధవారం.

చిరంజీవి ఆనందమ్మకు దీవెనలు.

నీ ఉత్తరం సోమవారం పొద్దున చేరింది. ఆదివారమే పని అయిపోయింది. ముందు చేరినా నేను ఆగేవాణ్ణి కాదు, ఆ మాట దాచను.

అడిగావు కనుక చెబుతున్నాను. ఇరవైమూడు చీటీలు. ఇంటికి ఒకటి. అక్షరం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక నేనే రాశాను. కానుకల సంచిలో వేసి మోకాళ్ల మీద అరగంట ప్రార్థన చేశాము. కండ్లు కనపడని గంగులమ్మ అవ్వ చేత తీయించాము, ఎవరూ వేలు చూపకుండా. చీటీ విప్పి నేనే చదివాను. చెంగయ్య.

నా నోట ఆ పేరు వస్తుందని అనుకోలేదు. మన బావి తవ్వినవాడు అతను. అతని చేత ఒప్పించాలని ఎంతో చూశాను. "అన్నా, తీసినానని ఒక్క మాట చెప్పు, సంఘమంతా నీ కోసం ప్రార్థన చేస్తాది" అన్నాను. చెంగయ్య ఏమన్నాడో తెలుసా? "అయ్యవారూ, చీటీ మింద నా పేరు రాసింది నువ్వు. తీసింది కండ్లు లేని అవ్వ. మద్దెలో దేవుడు యాడుండాడో నాకు కనపడలా. తినని బియ్యం తిన్నానని నీ దేవుడి ముందర అబద్దం చెప్పమంటావా?" అన్నాడు. నీ దేవుడు అన్నాడు, విన్నావా. అప్పటిదాకా అతని మీద జాలి ఉన్నవాళ్లకు కూడా ఆ మాటతో మనసు విరిగింది.

పెద్దలు కూర్చొని తీర్పు చేశారు. ఒప్పుకునేదాకా చెంగయ్య ఇంటితో మాట లేదు, నిప్పు లేదు, బావి లేదు. వాళ్లు వంక అవతలి గట్టున పాక వేసుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు, కాని వద్దనలేదు.

నువ్వు చెప్పినట్టే ఆ పూటే అర్జీ పెట్టాను. నిన్న ఇన్‌స్పెక్టరు వచ్చి బావిలో ఎర్రమందు కలిపి పోయాడు. నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయని పిల్లలు సంబరపడ్డారు. ఆదివారం నుంచి పాళెంలో కొత్తగా ఎవరూ పడకెక్కలేదు. దేవుడు మన వైపు తిరిగాడు.

మీ అమ్మకు ఒంట్లో బాగాలేదు. అన్నం సయించడం లేదు, మాట లేదు. రోగం కాదులే, చెంగయ్య భార్య ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు.

నాయన.


చిత్తూరు,
ఆగస్టు 6, సోమవారం.

నాయనకు వందనాలు.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించవద్దు.

చెంగయ్య మామ ఆ బియ్యం తీయలేదు. నాకు తెలుసు. ఎలా తెలుసని అడగవద్దు. నా చేత ఇప్పుడు చెప్పించవద్దు, రాయాలని మూడుసార్లు కూర్చున్నాను, మూడు కాగితాలూ చించేశాను. నా మాట మీద నమ్మకం ఉంచి ఆ ఇంటివాళ్లను ఈ రోజే వెనక్కి పిలువు. తీర్పు తర్వాత చేసుకోండి, ముందు బావి దగ్గరికి రానివ్వండి. వంక గుంటలో గొడ్లు దిగుతాయి. నిర్మల ఆ నీళ్లు తాగుతోందంటే నాకు ముద్ద దిగడం లేదు.

నిజంగానే దిగడం లేదు నాయనా. నాలుగు రోజులుగా అన్నం పళ్లెం ముందు కూర్చొని లేచిపోతున్నాను.

నీ బిడ్డ మాట ఎప్పుడైనా విన్నావంటే ఈ ఒక్కసారి విను.

ఆనందమ్మ.


బేతనీపాళెం,
ఆగస్టు 14, మంగళవారం.

ఆనందమ్మకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడగవద్దన్నావు కాబట్టి అడగను. నాకు అర్థమైంది. చెంగయ్య పెద్ద కొడుకు ధనంజయ చిత్తూరులో లారీ షెడ్డులో పని చేస్తున్నాడు. వాడు నీ దగ్గరికి వస్తున్నాడు, తన ఇంటి కథ తనకు కావలసినట్టు చెబుతున్నాడు, నువ్వు అన్నం మానేసి ఏడుస్తున్నావు. ఆడపిల్ల ఎలా తెలుసని అడగవద్దు అంటే తండ్రికి ఇంకేం అర్థమవుతుంది? నిన్ను చదువుకు పంపింది ఇందుకు కాదు. ఈ ముక్క మీ అమ్మకు చెప్పలేదు.

ఇక వాళ్ల ఇంటి సంగతి. నిర్మల శుక్రవారం పొద్దున వాంతులు మొదలై సాయంత్రం దీపం వేళకు పోయింది. నేను వంక దాటి పోయాను, ప్రార్థన చేయడానికి. చెంగయ్య పాక ముందర అడ్డం నిలబడి, "నీ ప్రార్థనతోనే గదా ఈడికి వచ్చినాము. చాలు, ఎలబారు" అన్నాడు. వాళ్లే గుంత తవ్వుకున్నారు.

ఆనందమ్మా, ఆ పిల్ల కోసం నేను ఏడవలేదనుకోకు. కాని కండ్లు తెరిచి చూడు. పాళెంలో ఇరవై రోజులుగా ఒక్క చావు లేదు. చీటీ ఏ ఇంటి మీద పడిందో ఆ ఇంట్లోనే చావు. ఆకాను పిల్లల సంగతి నువ్వే ఎత్తావు. ఆ పేజీ నేను తిప్పేసేవాణ్ణన్నావు. నిజమే, నాకు ధైర్యం చాలక తిప్పాను. దేవుడు దాన్ని మళ్లీ వెనక్కి తిప్పి నా ముందు పెట్టాడు. ఆయన న్యాయం భయంకరం, కాని న్యాయం.

ఆ అబ్బాయిని ఇంకొకసారి కలవవద్దు.

సుందరరాజు.


చిత్తూరు,
ఆగస్టు 17, శుక్రవారం.

నాయనా,

యుద్ధం అయిపోయిందని ఇక్కడ సెలవు ఇచ్చారు. మిఠాయి పంచారు. నా చేతిలో మిఠాయి పెట్టిన గంటకే నీ ఉత్తరం వచ్చింది.

ధనంజయను నేను రెండేళ్లుగా కంటితో చూడలేదు. జూలై ముప్పైన కోర్టు ముందర నేను చూసింది చంద్రగిరి మామను. పొలం గట్టు తగాదాలో సాక్ష్యానికి వచ్చాడు. నేను కాళ్లకు దండం పెట్టి, "మామా, నీ బియ్యంతోనే చదువుకుంటున్నాను" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "యాడి బియ్యం తల్లీ? కోట కింద చెరువు ఎండిపోయి రెండేండ్లాయె. మేమే జొన్నంబలి తాగతా ఉండాము. మీ యమ్మ సంకురాత్రి కాడ్నించి మా గడప తొక్కలా" అన్నాడు.

మామ ఇవ్వలేదు. మన ఇంట్లో లేదు. మూడు మూటలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ వీధిలో నిలబడే నాకు తెలిసిపోయింది. వసారా మేకుకు ఉన్న తాళంచెవిని శనివారం శనివారం గుడి ఊడ్చడానికి తీసేది ఎవరు నాయనా?

దేవుని బియ్యం తిన్నది నేను. విధవల పిడికిళ్లు తిన్నాను. చెబితే అమ్మను వంక అవతలికి పంపుతారని పదిహేను రోజులు నోరు మూసుకున్నాను. ఆరో తేదీన నేను నిజం రాసి ఉంటే నిర్మల బతికేదేమో. అమ్మ తీసింది, నేను తిన్నాను, నువ్వు చీటీ రాశావు. ముగ్గురమూ కలిసి ఆ పిల్లను గుంతలో పెట్టాము.

చావులు ఆగింది చెంగయ్య మామ పోయినందుకు కాదు, బావిలో ఎర్రమందు పడినందుకు. ఆ బావి ఒక్క ఇంటికే లేకుండా చేశారు. ఆ ఒక్క ఇంట్లోనే చావు. ఇందులో దేవుణ్ణి ఎందుకు కలిపావు?

ఇంకొక మాట. మన పాళెంలో ఇరవైనాలుగు ఇళ్లు. నువ్వే రాశావు. చీటీలు ఇరవైమూడే ఎందుకు?

ఆనందమ్మ.


బేతనీపాళెం,
ఆగస్టు 28, మంగళవారం.

అమ్మా ఆనందమ్మా,

నీ ఉత్తరం వచ్చిన రోజు మొదట చదవగానే చించబోయాను. నువ్వు ఆ కుర్రవాణ్ణి కాపాడడానికి కన్నతల్లినే దొంగను చేస్తున్నావనుకున్నాను. ఇంతదాకా వచ్చింది నా బుద్ధి.

మీ అమ్మను అడిగాను. ఆమె ఏడవలేదు, బొంకలేదు. "నువ్వు అడగలా, నేను చెప్పలా" అంది. "పిల్ల సదువు నిలిచిపోతాదని తీసినాను. కోతలకు కూలికి పోయి అంతా మళ్లీ పోసేద్దామనుకొన్నాను. అందులో నా పిడికిళ్లు గూడా ఉండాయి గదా అని మనసుకు చెప్పుకొన్నాను." మరి చెంగయ్య పేరు వచ్చినప్పుడు నోరు ఎందుకు తెరవలేదన్నాను. "చీటీ తీసేది దేవుడని నువ్వే గదా చెప్పినావు. దేవుడికి నేను కనపడలేదా? కనపడి గూడా ఆయప్ప పేరు తీసినాడంటే, ఆయప్ప గూడా ఏదో చేసుంటాడులే అనుకొన్నా. నన్ను ఇడిచిపెట్టినాడులే అనుకొన్నా" అంది.

ఆమె కూడా నన్ను నమ్మింది. అందరూ నన్ను నమ్మారు.

నువ్వు అడిగిన ఆ ఇరవైనాలుగో చీటీ. ఎందుకు రాయలేదో చెబుతాను. రాయకూడదని అనుకోలేదు. అసలు తట్టలేదు. చీట్లు రాసేవాడి ఇల్లు చీట్లలో ఉంటుందని నా బుద్ధికి తోచలేదు. దేవుణ్ణి అడిగేటప్పుడు, మా ఇల్లు తప్ప మిగతావాళ్లలో దొంగ ఎవరు స్వామీ అని అడిగాను. ఆ సంచిలో నిజం లేనే లేదు. గంగులమ్మ అవ్వ చేతికి ఏం దొరుకుతుంది?

ఆ రాత్రే వంక దాటాను. పాక ఖాళీ. మిగిలినవాళ్లను తీసుకొని చెంగయ్య కోలారు గనుల దిక్కుకు పోయాడని చెప్పారు. ఆ పిల్ల గుంత మీద ముళ్లకంప కప్పి పోయారు.

మొన్న ఆదివారం ప్రసంగం చేయలేదు. నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బియ్యం తీసింది మా ఇంట్లోనే, మా బిడ్డే తిన్నది, చీట్లలో మా పేరు నేను వదిలేశాను, చెంగయ్య నిర్దోషి అన్నాను. మీ అమ్మ లేచి నా పక్కన నిలబడింది. కుప్పయ్య పెద్ద లేచి చేతులు కట్టుకొని, "అయ్యవారూ, మీరు పెద్ద మనసుతో మీద ఏసుకొంటా ఉండారు. ఆ చీటీ అబద్దమైతే ఆ బిడ్డ ఎందుకు సచ్చిపోయింది? వాళ్లు పోయినాక మాకు ఒక్క సావు గూడా ఎందుకు ల్యా?" అన్నాడు. అందరూ అవునన్నారు. ఎర్రమందు సంగతి చెప్పాను. ఎర్రమందును పంపింది మటుకు ఎవరని అడిగారు. ఆ ప్రశ్నలు నేను నేర్పినవే.

వాళ్లు నమ్మలేరు అమ్మా. నమ్మితే ఆ పిల్లకు నీళ్లు ఇవ్వనిది తామేనని ఒప్పుకోవాలి.

నాయన.


చిత్తూరు,
సెప్టెంబరు 3, సోమవారం.

నాయనకు, అమ్మకు ఆనందమ్మ వందనాలు.

నేను వస్తున్నాను. పదహారో తేదీ ఆదివారం పొద్దున బస్సుకు బయలుదేరి ఆరాధన వేళకు చేరుకుంటాను. తిన్నది నేనని నా నోటితో చెబుతాను. వాళ్లు నమ్మకపోతే బాలసుబ్రమణ్యాన్ని సాక్షిగా తెస్తాను, మూటలు మోసింది ఆయనే.

అమ్మ మీద కోపం ఉందని రాయాలనుకున్నాను, రాలేదు. ఆమె చేతి బియ్యం ఎసట్లో పోస్తున్నప్పుడు నాకు ఇంటి వాసన వచ్చేది.

మీరిద్దరూ ఆ పాళెం వదిలి ఇక్కడికి వచ్చేయండి. ఒక గది చూస్తాను. వార్డెనమ్మకు అంతా చెప్పాను. బియ్యం లేకపోయినా పరీక్ష దాకా ఉండనిస్తానంది. ఈ మాట మే నెలలో అనుంటే ఎంత బాగుండేది.

ధనంజయను వెతికి పట్టుకున్నాను, తప్పదు. కోలారు చిరునామా ఇచ్చాడు. నా ముఖం చూడకుండా ఇచ్చాడు. చెంగయ్య మామకు నువ్వు రాయి. నేను రాసిన దానికి జవాబు రాలేదు.

ఆనందమ్మ.


బేతనీపాళెం,
సెప్టెంబరు 12, బుధవారం.

నా బిడ్డ ఆనందమ్మకు నాయన, అమ్మ దీవెనలు.

ఈ ఉత్తరం శుక్రవారానికి నీకు చేరాలి. ఈ ఆదివారం రావద్దు. కారణం చెబుతాను, నిదానంగా చదువు.

చెంగయ్యకు రాశాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. జరిగింది రాసి, సంఘం పేరు మీద కాక నా పేరు మీద సంతకం పెట్టాను. జవాబు రాలేదు. వస్తుందని ఎదురు చూడడం లేదు.

వాన ఇంకా లేదు. పోయిన గురువారం కుప్పయ్య పెద్ద మనవడికి వాంతులు పట్టుకున్నాయి. పిల్లవాడు బతికాడు, కాని పాళెం మళ్లీ వణికింది. ఇంకొక ఆకాను ఉన్నాడని ఈసారి నేను చెప్పనక్కర లేకపోయింది, వాళ్లే చెప్పుకున్నారు. చెంగయ్య అక్క తిరుమలమ్మ, వంక అవతల ఉన్నవాళ్లకు చాటుగా రెండు కడవల నీళ్లు ఇచ్చిందని ఎవరో చూశారట. సోమవారం పెద్దలు మన వసారాలో కూర్చొని, ఆదివారానికి చీట్లు రాయమన్నారు. నేను రాయనన్నాను. రాయకపోతే వడమాలపేటలో ఎవరి చేతనైనా రాయించుకుంటామన్నారు. అందరూ పోయాక కుప్పయ్య పెద్ద వెనక్కి వచ్చి చెవిలో, "తిరుమలమ్మ పేరు రెండు మూడు చీటీల మింద ఎక్కువ రాస్తే తప్పేముంది అయ్యవారూ? దేవుడికి సులువుగా ఉంటాది" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఒక్క వారంలో తమ్ముణ్ణీ మరదలినీ పూడ్చినవాడు. భయపడుతున్నాడు.

తిరుమలమ్మ ఒంటరిది, అరవై ఏళ్లు. ఆ గట్టు మీద పది రోజులు బతకదు.

రాస్తానని ఒప్పుకున్నాను. ఈసారి మా ఇంటిని కూడా కలిపి రాయాలని షరతు పెట్టాను, సరేనన్నారు. చెంగయ్య ఇల్లు పోను మళ్లీ ఇరవైమూడు చీటీలే. నిన్న పగలంతా కూర్చొని రాశాను. ఇరవైమూడింటి మీదా ఒకే పేరు రాశాను. సుందరరాజు. పోయినసారి ఒక పేరు వదిలాను. ఈసారి ఇరవైరెండు వదిలాను.

చదివేది నేనే కనుక ఏ పేరైనా చదవవచ్చు కదా అని నువ్వు అంటావు. అంటావని తెలుసు. కాని దేవుని ముందర నిలబడి లేని పేరు చదవడం నా చేత కాదమ్మా. గంగులమ్మ అవ్వ ఏది తీసినా నేను చదివేది నిజమై ఉండాలి. ఇది కూడా మోసమే అంటే, అవును, మోసమే. ఇందుకు ఆయన నన్ను ఏం చేసినా న్యాయమే అంటాను. ఆయన న్యాయం గురించి ఇంతకంటే నాకు తెలిసింది ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది.

నా నోటి మాట వాళ్లు నమ్మలేదు. చీటీని నమ్ముతారు. నువ్వు ఆ రోజు వచ్చి మాట్లాడితే, తండ్రిని కాపాడడానికి వచ్చిందంటారు, అంతా చెడుతుంది. చిత్తూరుకు మేము రాము. తీర్పు చేసి పెట్టిన చోటుకు నేను పోకుండా రైలెక్కితే, వాళ్లు ఇంకొకరిని అక్కడికి పంపుతారు.

అమ్మను నీ దగ్గరికి పొమ్మన్నాను. "నా పేరు కదా నువ్వు రాసేది, నేను యాడికి పోయేది" అంది. రెండు చీరలు, ఒక కుండ, బైబిలు మూట కట్టి పెట్టుకుంది. నీళ్లు తెర్లించుకునే తాగుతామని నీకు రాయమంది. వంక గట్టున పుల్లలు దొరుకుతాయి. నిప్పు ఎవరూ ఇవ్వరు కనుక రెండు అగ్గిపెట్టెలు కొన్నాను.

పై ఆదివారం రా. పాళెంలో నుంచి రావద్దు, నీతో ఎవరూ మాట్లాడరు. పుత్తూరు బస్సులో కల్వర్టు దగ్గర దిగి వంక వెంబడే నడు. మా పాక కనపడకపోతే, ముళ్లకంప కప్పిన చోటు నుంచి పిలువు. పలుకుతాము.

నాయన.